ఒత్తిన దూది, కుదించిన మాట

లెక్కయంత్రముల చరిత్ర: 11వ భాగము

గత సంచికలో యూనిక్సు పుట్టుకను, తెరమీద ఒక్క వరుసలో ఆజ్ఞ వ్రాసి యంత్రముచేత పని చేయించుకొను పద్ధతి బెల్ ప్రయోగశాలలో స్థిరపడిన విధమును వివరించితిమి. ఆ ఆజ్ఞలలో నిత్యము వ్రాయబడుచు, వ్రాయువారికే మిగుల తక్కువగా తెలిసినవి రెండు కలవు: పెక్కు ఫైళ్ళను ఒక్క మూటగా కట్టు ‘టార్’, ఆ మూటను కుదించు ‘జీజిప్’. వీని చరిత్రను ఆ ప్రయోగశాల గల న్యూజెర్సీలో ప్రారంభించుట గ్రంథకర్తల ఆచారము. నేను ఆదోని రైలు స్టేషను చెంత ప్రారంభించెదను. సరకునకు గాని మాటకు గాని పరిమాణమును బట్టి రుసుము పుచ్చుకొనువాడొకడు దారిలో నిలిచినప్పుడెల్ల కుదించు విద్య పుట్టుచు వచ్చినదనియు, రుసుము లేనిచోట అట్టి విద్యకై ఎవ్వరును శ్రమపడలేదనియు నా విశ్వాసము. దానికి ఆదోని కంటె దగ్గరి నిదర్శనము మన సీమలో నాకు కానరాదు.

1800లో నిజాము కుంఫిణీవారికి వదలిన మండలములలో చేరి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలోనే యుండిన ఆదోని తాలూకా నల్లరేగడి నేల. పత్తి దాని ప్రధాన సంపద. ఎమ్మిగనూరు నాడు ఆ తాలూకాలోనిదే. అమెరికా అంతర్యుద్ధము జరిగిన 1861–65 సంవత్సరములలో అచటి దక్షిణ రాష్ట్రముల దూది లాంకషైరు మిల్లులకు అందకపోగా, భారతదేశపు పత్తికి మునుపెన్నడు నెరుగని ధర పలికెను. అయినను ధర పలుకుట వేరు, సరకు రేవు చేరుట వేరు. బోరెములలో కూరి ఎద్దుబండ్ల కెత్తిన దూది దారి పొడవున దుమ్మును తేమను పీల్చుచు వారముల తరబడి ప్రయాణము చేయవలసి వచ్చెడిది. మద్రాసు నుండి బయలుదేరిన రైలుమార్గము గుంతకల్లు, ఆదోనుల మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలియుటతో ఈ కష్టము తీరి, మరియొక కష్టము పైకి వచ్చెను. దూదికి బరువు తక్కువ, విరివి ఎక్కువ. వాగను నిండినను తూకము నిండదు. ఓడవాడు తూకమును చూడక, సరకు ఆక్రమించు చోటును కొలిచి కిరాయి అడుగును. వర్తకుడు తన దూదికే గాక, పోగుల నడుమనున్న గాలికి కూడ కిరాయి చెల్లించుచుండెనన్నమాట.

ఆ గాలిని వెడలగొట్టు సాధనము ఇంగ్లండులో అప్పటికే సిద్ధముగా నుండెను. జోసెఫ్ బ్రామా 1795లో పేటెంటు పొందిన జలపీడన యంత్రమే అది. చిన్న గొట్టములో నీటిపై మోపిన ఒత్తిడి పెద్ద గొట్టములో పలురెట్ల బలముగా పరిణమించుట దాని కీలకము. జిన్నింగులో గింజ వేరుపడిన దూదిని ప్రెస్సులో పోసి, అణచి, ఇనుపపట్టీలు బిగించి, గోనెపట్ట చుట్టి, ఇంచుమించు 400 పౌన్ల బేలుగా దింపెడివారు. నేడు బేలు అనగా 170 కిలోలు. పత్తి మార్కెట్టు యార్డునకును, జిన్నింగు ప్రెస్సింగు మిల్లులకును ఆదోని నేటికిని రాష్ట్రమంతట పేరెన్నికగన్న ఊరే.

సరకు కుదించుట ఇట్లుండగా, ఆ సరకును గూర్చిన వార్తను కుదించుట దానితోపాటే మొదలయ్యెను. భారతదేశమునకును ఐరోపాకును తంతి సంబంధము 1865లో ఏర్పడినది. 1870లో సముద్రగర్భపు తీగ బొంబాయిని చేరినది. లివర్పూలు ధర మరునాటికి మన వర్తకునకు తెలియుట సాధ్యమయ్యెను గాని, తంతివారు మాట కింత అని లెక్కకట్టి వసూలు చేసిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరములలో ఇంగ్లండునకు మాట ఒక్కింటికి 4 షిల్లింగులు. ఆ కాలమున అది కూలివాని కెన్నినాళ్ళ కష్టమో పాఠకులే ఊహించుకొనగలరు. కావున ఎగుమతి వ్యాపారులు కోడు పుస్తకముల నాశ్రయించిరి. ‘మీరు చెప్పిన ధరకు ఇన్ని బేళ్ళు కొంటిమి, ఫలానా నెలలో ఓడ కెక్కించెదము’ అను వాక్యమంతటికి బదులు నిఘంటువులోని ఏదో ఒక్క మాట. 1873లో విలియం క్లాసన్-థ్యూ ప్రకటించిన ఏబీసీ కోడు ఇట్టివానిలో ప్రసిద్ధము; పత్తి వర్తకమునకే ప్రత్యేకముగ కూర్చిన పుస్తకములును వెలువడినవి.

ఈ పద్ధతిలో రెండు లోపములు కలవు. తరువాతి నూరేండ్ల శాస్త్రమంతయు ఈ రెంటికి విరుగుడు వెదకుటయే యని చెప్పవచ్చును. పంపువానికిని అందుకొనువానికిని ఒకే పుస్తకము, ఒకే ముద్రణము చేతనుండవలెనన్నది మొదటిది. రెండవది ఇంతకంటె క్రూరమైనది. మామూలు మాటలలో ఒక అక్షరము తప్పినను చదువరి సందర్భమును బట్టి సవరించుకొనును. కుదించిన మాటలో ఆ సదుపాయ ముండదు. 1887లో ఫిలడెల్ఫియా ఉన్ని వర్తకుడు ప్రిమ్రోజ్ తాను అయిదులక్షల పౌన్ల ఉన్ని కొంటినని కాన్సాస్ రాష్ట్రములోని తన ఏజెంటుకు తంతి యిచ్చెను. ‘నేను కొంటిని’ అనుటకు ఆయన కోడులో మాట ‘బే’. దారిలో ఒక్క చుక్క అధికమై, మోర్సు లిపిలో ‘ఏ’ అక్షరము ‘యు’ అక్షరముగా మారి, అది ‘బై’ అయి, ‘కొనుము’ అను ఆజ్ఞగా చేరెను. ఏజెంటు మూడులక్షల పౌన్ల ఉన్ని కొనివైచెను. వర్తకునకు ఇరువదివేల డాలర్లకు మించిన నష్టము. తంతిని తిరిగి చదివించుకొనుటకు ప్రత్యేక రుసుము కట్టలేదు గనుక ఆయనకు దక్కవలసినది తంతి వెల 1 డాలరు 15 సెంట్లు మాత్రమేయని 1894లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. న్యాయము మాట యెట్లున్నను, కుదించినవాడు సరిచూచుకొనుటకు కూడ కొంత చోటు మిగుల్చుకొనవలెనన్న నీతి మాత్రము ఆ తీర్పులో పూర్తిగా నున్నది.

మోర్సు లిపియే ఒక విధమైన కుదింపు. ఇంగ్లీషులో తరచుగా వచ్చు ‘ఈ’ అక్షరమునకు ఒక్క చుక్క, అరుదుగా వచ్చువానికి పొడుగైన గుర్తులు. దీనికి గణితపు పునాది వేసినవాడు క్లాడ్ షానన్. భాషలో సగమునకు దగ్గరగా పునరుక్తియే యనియు, ఎంతవరకు కుదింపవచ్చునో దానికొక నిర్దిష్టమైన హద్దు కలదనియు ఆయన 1948లో నిరూపించెను. ఆ హద్దునకు చేరువగా పోవు ఉపాయమును డేవిడ్ హఫ్మన్ అను విద్యార్థి, గురువు రాబర్ట్ ఫానో పరీక్షకు బదులుగా వ్యాసము వ్రాయుట కనుమతింపగా, ఆ వ్యాసములో కనిపెట్టెను. 1952లో అది అచ్చయినది. ఇవన్నియు ముందుగా అక్షరముల లెక్క తెలిసి యుండవలెననునవియే. పుస్తకము అవసరము అంతటితో తీరలేదు.

పుస్తకమును తీసివైచినవారు ఇజ్రాయేలు దేశపు హైఫా నగరములో టెక్నియాన్ విద్యాసంస్థకు చెందిన యాకోబ్ జీవ్, అబ్రహాం లెంపెల్ అను ఇరువురు. 1977లోను 1978లోను వారు ప్రకటించిన రెండు వ్యాసముల సారాంశము ఒక్క వాక్యములో నిముడును: కోడు పుస్తకమును వేరుగా పంపనక్కరలేదు, పంపబడుచున్న సందేశమే కోడు పుస్తకము. కుదించు యంత్రము పాఠమును మొదటినుండి చదువుచు పోవును. ఇంతకుముందు వచ్చిన పదమో పదబంధమో మరల ఎదురైనచో దానిని తిరిగి వ్రాయక, ‘ఇన్ని బైట్లు వెనుకకు పోయి, అచటినుండి ఇన్ని బైట్లు ఎత్తి వ్రాసికొనుము’ అను జంటసంఖ్యను వ్రాయును. విప్పు యంత్రము ఆ భాగమును అప్పటికే విప్పియుండును గనుక దానికి ఏ పుస్తకముతోను పనిలేదు. లివర్పూలు వర్తకుడును మద్రాసు వర్తకుడును నూరేండ్ల క్రిందట దీనిని ఎరిగియుండినచో కోడు పుస్తకములు అచ్చువేయువారి జీవనము ఏమై యుండెడిదో! ఈ ఇరువురు పండితులును 2023 తొలి నెలలలో, కొద్ది వారముల వ్యవధిలో, కాలధర్మము నొందిరి.

ఈ విషయము తెలుగువారికి ఇతరులకంటె అధికముగ పట్టవలసినది. దానికి కారణము లిపిని యంత్రములో దాచు తీరు. భారతీయ ప్రమాణమగు ఇస్కీలో తెలుగు గుర్తు ఒక్కింటికి ఒక్క బైటు చాలియుండెను. 1991లో వెలువడిన యూనికోడు ప్రథమ ప్రతిలోనే తెలుగునకు చోటు దొరికెను. 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైకులు యూనికోడు గుర్తులను బైట్లుగా వ్రాయు యూటీఎఫ్-8 అను పద్ధతిని కూర్చిరి. న్యూజెర్సీలో ఒక భోజనశాల బల్లమీద పరచిన కాగితముపై ఒక రాత్రి రూపొందిన ఈ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు, తెలుగు గుర్తునకు మూడు. ‘ఆదోని’ అను పేరులో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి అయిదు. యంత్రములో అవి 15 బైట్లు. ‘ఎమ్మిగనూరు’లో పొల్లుతో సహా గుర్తులు పది, 30 బైట్లు. ఆ మూడేసి బైట్లలో మొదటిది ప్రతి తెలుగు గుర్తునకును 224యే. రెండవది 176 గాని 177 గాని. భేదమంతయు దాదాపుగా మూడవ బైటులోనే యున్నది. అనగా మన తెలుగు ఫైలు తన దేహములో మూడింట రెండు వంతులు ఒకే పాటను పాడుచుండును. పునరుక్తినే వెదకు జీవ్, లెంపెలుల యంత్రమునకు ఇంతకంటె పండుగ యేమి కలదు? అదే సంవత్సరము అక్టోబరు 31న, యూటీఎఫ్-8 పుట్టి రెండు నెలలైన నిండక మునుపే, జీజిప్ మొదటి ప్రతి విడుదలయ్యెను. మన లిపిని ఉబ్బించిన సాధనము, ఆ ఉబ్బును తీయు సాధనము ఒకే శరదృతువున పుట్టుట కేవలము కాకతాళీయమే. అయినను చెప్పక విడువ మనసొప్పలేదు.

జీజిప్ కొలతలును మనకు విచిత్రముగ కుదిరినవి. అది 32,768 బైట్ల వెనుకటి పాఠము వరకే జ్ఞాపకముంచుకొనును. తెలుగులో అది ఇంచుమించు 10,900 గుర్తులు, అనగా పత్రికలో కొన్ని పుటలు. మరల వచ్చినదని గుర్తించుటకు కనీసము మూడు బైట్లు సరిపోవలెను, అది సరిగ్గా ఒక్క తెలుగు గుర్తు. ఒక్కసారి ఎత్తి వ్రాయదగిన గరిష్ఠము 258 బైట్లు, అది 86 గుర్తులు. తెలుగును దృష్టిలో నుంచుకొని ఎవ్వరును ఈ సంఖ్యలను నిర్ణయింపలేదు.

ఇక టార్. అది 1979 జనవరిలో వెలువడిన యూనిక్సు ఏడవ ప్రతిలో కనబడినది. ఫైళ్ళను అయస్కాంతపు టేపుమీదికి ఎక్కించుట దాని ఉద్దేశము. అందుచే ప్రతి ఫైలునకు ముందు 512 బైట్ల చీటీ యొకటి కట్టి, దానిలో పేరు, యజమాని, అనుమతులు, పరిమాణము, కడపట మార్చిన కాలము వ్రాసి, తరువాత ఫైలును 512 బైట్ల ముక్కలుగా నింపి, కడపటి ముక్క నిండకున్నచో సున్నలతో పూరించును. గమనింపుడు: టార్ కుదింపదు, పైపెచ్చు కొంచెము పెంచును. ఆ తొలి చీటీలో పేరునకు ఇచ్చిన చోటు 100 బైట్లు. తెలుగు పేరైనచో 33 గుర్తులకు మించి పట్టదు. పొడుగు పేర్లకు చోటిచ్చు విస్తరణములు తరువాత వచ్చినవి.

మూట కట్టుటను ఒక పనిముట్టునకును, కుదించుటను మరియొక పనిముట్టునకును అప్పగించుట యూనిక్సు వారి స్వభావము. ఆదోనికి ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరములో, మాచాని సోమప్ప కృషిచే 1938లో నెలకొన్న ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘమును ఇచట తలచుకొనుట అసందర్భము కాదు: వేర్వేరు ఇండ్లలో వేర్వేరు మగ్గములపై నేసిన బట్టను ఒక్కచోట చేర్చి, ఎవరి దేదో చీటీ కట్టి, ఒక్క పేరుతో బజారునకు పంపుట సంఘము పని; గాలి తీసి బిగించుట ఆదోని ప్రెస్సు పని. టార్ ఎమ్మిగనూరు, జీజిప్ ఆదోని. అయితే ఈ పోలిక ఒక్కచోట తెగిపోవును: బేలు విప్పినప్పుడు దూది మునుపటి పోగుమీద మునుపటి పోగుగా లేవదు, ఫైలు విప్పినప్పుడు ఒక్క బిట్టైన తేడా రాకూడదు.

టేపునకు వ్రాయవలసినదానిని టార్ నేరుగా మరియొక ఆజ్ఞకు అందింపగలదు. 1973లో యూనిక్సునకు చేరిన ‘పైపు’ అను ఏర్పాటు అందుకు దారి. మొదట ఆ రెండవ స్థానములో నున్నది ‘కంప్రెస్’. టెర్రీ వెల్చ్ 1984లో లెంపెల్, జీవుల 1978 నాటి పద్ధతిని సరళము చేసి ప్రకటింపగా, దానిని చదివి స్పెన్సర్ థామస్ ప్రభృతులు ఆ ఆజ్ఞను వ్రాసిరి. వెల్చ్ కొలువుచేసిన స్పెర్రీ కంపెనీ పేటెంటుకు దరఖాస్తు పెట్టియున్నదని వారెరుగరు. 1985 డిసెంబరులో పేటెంటు మంజూరయ్యెను; స్పెర్రీ మరియొక సంస్థతో కలసి యూనిసిస్ అయ్యెను; 1994 చివర ఆ కంపెనీ అదే పద్ధతిని వాడు జిఫ్ బొమ్మల విషయమున రుసుము అడుగుటతో లోకమంతట గగ్గోలు పుట్టెను. రుసుమును తప్పించుటకు పుట్టిన విద్యమీదనే రుసుము పడుట చరిత్రలో తరచుగా జరుగని వేడుక. ఈ చిక్కును ముందే పసిగట్టిన, అందరు స్వేచ్ఛగా వాడుకొను సాఫ్ట్‌వేరును కోరు గ్నూ ఉద్యమమువారికి పేటెంటు బాధలేని పనిముట్టు కావలసియుండెను. ఝాన్-లూ గయీ కుదించు భాగమును, మార్క్ ఆడ్లర్ విప్పు భాగమును వ్రాసి దానిని సమకూర్చిరి, అదియే జీజిప్. ఇందులో 1977 నాటి పద్ధతిపై హఫ్మన్ పద్ధతి నొక పొరగా వేసిరి. వెల్చ్ పేటెంటు అమెరికాలో 2003 జూన్ 20న తీరిపోయినది. అప్పటికి కంప్రెస్‌ను వాడువారు దాదాపు లేరు.

జీజిప్ లోపలి పద్ధతియగు ‘డిఫ్లేట్’ మాత్రము వారిది కాదు. మిల్వాకీ నగరపు ఫిల్ కాట్జ్‌ది. ఆయన 1989లో జిప్ ఫైళ్ళను కట్టు పీకేజిప్‌ను ప్రకటించినప్పుడు టెలిఫోను తీగలమీద నిమిషమునకు ఇంత అని చెల్లించి ఫైళ్ళు దింపుకొను కాలము నడచుచుండెను; సగము పరిమాణము అనగా సగము ఫోను బిల్లు. మన దేశములో 1995 ఆగస్టు 15న విదేశ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్టు తెరచినప్పుడును పరిస్థితి భిన్నము కాదు. కాట్జ్ చేసిన ఘనకార్యము, నా దృష్టిలో, వేగము కంటె ఔదార్యము: జిప్ ఫైలు కూర్పును ఆయన దాచక అందరికి వెల్లడించెను. 2000లో, 37 ఏండ్ల వయస్సున, మద్యపానమువలన క్షీణించి ఒక హోటలు గదిలో మరణించెను.

జిప్ మూట కట్టుటను, కుదించుటను తానే చేయును. ప్రతి ఫైలును విడివిడిగా కుదించి పిమ్మట మూట కట్టును. టార్, జీజిప్ జంట ముందు మూట కట్టి పిమ్మట మొత్తమును కుదించును. ఈ వరుస తేడాయే ఫలితమును మార్చును. ఒకే పత్రిక యొక్క నూరు చిన్న తెలుగు వ్యాసములను జిప్ చేసినచో ప్రతి వ్యాసమునకును కుదింపు మొదటినుండి ఆరంభము కావలెను. టార్‌లో మొదటి వ్యాసమున నేర్చిన పదములు రెండవదానికి అక్కరకు వచ్చును. కాని ఒక్క వ్యాసమును బయటికి తీయవలసివచ్చినప్పుడు జిప్ దానిని సూటిగా అందుకొనును, టార్, జీజిప్ జంట మొదటినుండి విప్పుకొనుచు పోవలెను. రెంటిలో ఏది మేలని అడుగువారికి, ఆ మూటను మరల ఎవరు ఏ విధముగ విప్పుదురో చెప్పుడని అడుగుటయే సమాధానము.

ఆజ్ఞలు పొట్టివే. ‘టార్ సీజెడ్‌ఎఫ్’ అని వ్రాసి, మూట పేరును, పిదప ఫోల్డరు పేరును చెప్పినచో మూట సిద్ధమగును: ‘సీ’ మూట కట్టుమని, ‘జెడ్’ జీజిప్‌తో కుదింపుమని, ‘ఎఫ్’ వెంట వచ్చునది ఫైలు పేరని. ‘సీ’ స్థానమున ‘ఎక్స్’ పెట్టిన విప్పును. ‘టీ’ పెట్టిన విప్పక, లోపలి పట్టికను మాత్రము చూపును. పరుల మూట చేతికి వచ్చినప్పుడు మొదట వ్రాయవలసినది ఇదియే. లోపలి ఫైళ్ళు ఒక ఫోల్డరులో గాక విడిగా నున్నచో విప్పిన చోటనెల్ల వెదజల్లబడి, అచట అదే పేరుతో నున్న మన ఫైళ్ళను చెరపగలవు. జీజిప్‌ను ఒంటరిగా వాడువారు ఎరుగవలసిన దొకటి కలదు: అది కుదించిన పిదప అసలు ఫైలును ఉంచదు, ‘కే’ గుర్తు చేర్చిననే ఉంచును. కుదించిన ఫైలు తుదిని నాలుగు బైట్ల సరిచూపు సంఖ్యయు, నాలుగు బైట్ల పరిమాణమును వ్రాసి యుండును. ‘జీజిప్ టీ’ అని అడిగినచో యంత్రము మొత్తమును లోలోపల విప్పి, ఆ సంఖ్య కుదిరినదో లేదో చెప్పును. ప్రిమ్రోజ్ వర్తకుడు రుసుము కట్టి చదివించుకొనవలసిన తంతి ఇచట ఎనిమిది బైట్లకే లభించుచున్నది.

తరువాతివారి కథను త్వరగా ముగింతును. 1994లో బరోస్, వీలరులు పాఠములోని అక్షరములను క్రొత్త వరుసలో పేర్చి పునరుక్తిని ప్రోగుచేయు ఉపాయము చెప్పిరి. జూలియన్ సీవర్డ్ దానిపై 1996లో బీజిప్2 వ్రాసెను. తెలుగు వికీపీడియా మొత్తపు పాఠమును దింపుకొనువారికి చేతికి వచ్చునది ఆ రూపములోని మూటయే. యాన్ కోలే వ్రాయగా 2016లో తొలి స్థిరప్రతిగా వెలువడిన జెడ్‌స్టాండర్డ్ వేగములో జీజిప్‌ను మించినది. గట్టిగా కుదించుటలో పేరుపొందిన ఎక్స్‌జెడ్ మాత్రము 2024లో వేరొక కారణమున వార్తల కెక్కెను. అలసిన ఒక్క నిర్వాహకుని చేతిలోనున్న ఆ పనిముట్టునకు, మారుపేరుతో వచ్చి రెండేండ్లకు పైగా నమ్మకముగా సాయపడిన ఒకరు, దొంగదారి నమర్చిరి. తన యంత్రములోనికి ప్రవేశించుటకు అరసెకను ఆలస్య మగుచున్నదేమని అనుమానించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, మార్చి 29న ఆ గుట్టును బయటపెట్టెను. అందరు చూచుచుండు మూలపాఠములో ఆ దొంగదారిని తెరచు వరుసలు లేవు. విడుదల చేసిన టార్ మూటలో మాత్రమే కలవు.